రాత్రి పదింటికి రక్తం తీస్తారట. బోదకాలు సర్వే గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కోటిపల్లి_రేవు | సోమవారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. నా ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు కోటిపల్లికి దగ్గర్లో. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉందామని వచ్చాను. ఇందాక ఆశా గారొచ్చి, "రేపు రాత్రి పది దాటాక టీమ్ వస్తుంది, ఎవరూ పడుకోకండి, వేలి నుంచి రక్తం తీస్తారు" అని చెప్పి వెళ్లారు. బోదకాలు సర్వేనట.

మా అమ్మకి 64 ఏళ్లు. ఎడమ కాలికి బోద ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కాలు అలాగే చూస్తున్నాను. ఏటా రెండు మూడుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, వణుకుతూ జ్వరం వచ్చి మంచమెక్కుతుంది. జ్వరం తగ్గేసరికి కాలు ఇంకాస్త లావెక్కుతుంది.

అడగాల్సినవి మూడు. ఇదేదో పగలు చేయొచ్చు కదా, రాత్రే ఎందుకు? ఆల్రెడీ కాలు వాచిన మనిషికి పరీక్ష దేనికి? సర్వేలో ఎక్కువమందికి వస్తే ఊరందరికీ మూడు రకాల మాత్రలు ఇస్తారట, అందులో కరోనా టైమ్‌లో విన్న ఐవర్‌మెక్టిన్ కూడా ఉందట. నిజమేనా?

పాత_నర్సాపురం | సోమవారం, రాత్రి 7:05

రాత్రిళ్లు మన రక్తం కోసం తిరిగేవి దోమలే అనుకున్నాను. ఇప్పుడు గవర్నమెంటు కూడానన్నమాట. ఆయ్!

మైక్రోస్కోప్_మాస్టారు | సోమవారం, రాత్రి 8:22

రేవు బాబూ, నేను ఫైలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ట్రైనింగ్ రాజమండ్రిలోనే. దేశం మొత్తం మీద ఫైలేరియా శిక్షణ కేంద్రాలు మూడు చోట్ల పెట్టారు: కోళిక్కోడ్, వారణాసి, మన రాజమండ్రి. మన డెల్టాకి ఆ కేంద్రం ఊరికే రాలేదు. అంత జబ్బు ఉండేది ఇక్కడ.

రాత్రే ఎందుకంటే, ఈ జబ్బు తెచ్చే పురుగుల పిల్లలు రాత్రే బయటికొస్తాయి కాబట్టి. పెద్ద పురుగులు గజ్జల దగ్గర, శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఆరేడేళ్లు బతుకుతాయి. అవి కనే పిల్లలే మైక్రోఫైలేరియా. ఒక్కోటి పావు మిల్లీమీటరు పొడవు. పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం దాకా వస్తాయి. ఈ జబ్బుని ఒకరి నుంచి ఒకరికి మోసే మన క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. మధ్యాహ్నం తీసిన రక్తంలో వెతికితే ఒంటినిండా పురుగున్న మనిషిది కూడా శుభ్రంగానే కనపడుతుంది. పగలు చేసే పరీక్ష కూడా ఉంది, స్ట్రిప్పు మీద చుక్క వేస్తే పది నిమిషాల్లో గీత వస్తుంది. అది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది కాబట్టి వేళతో పని లేదు. ఆరేడేళ్ల పిల్లలకి బళ్లో చేసేది అదే.

స్లైడ్ ఎలా చేస్తామో కూడా చెబుతాను, రేపు మీరే చూద్దురుగాని. వేలి చివర గుచ్చి 20 మైక్రోలీటర్ల రక్తం గాజుపలక మీద మందంగా పరిచి ఆరబెడతారు. మర్నాడు నీళ్లలో ముంచితే ఎరుపంతా కరిగిపోయి పలక పాలిపోతుంది. అప్పుడు రంగు వేసి లెన్సు కింద పెడతాం. పురుగు తొడుగులో ఉంటుంది, దిండు గలేబులో దారం ముక్క వేసినట్టు. తోక కొసన చుక్కలు ఉండవు. మన రకాన్ని గుర్తుపట్టేది ఆ కొసని చూసే. మొదటిసారి చూసిన రాత్రి నాకు అన్నం సయించలేదు.

పరీక్ష చేసిన వందమందిలో ఒకరికి, అంతకుమించి ఉన్నా, ఊరందరికీ మాత్రలు మింగించాల్సిందే. మన దేశం లెక్క అది.

గట్టుమీద_గంగన్న | సోమవారం, రాత్రి 9:10

మాస్టారు గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. మాది ఆకివీడు వైపు, చేపల చెరువులు. చేపకి పేను పడితే మందుల షాపులో ఇచ్చే సీసా మీద ఐవర్‌మెక్టిన్ అనే రాసి ఉండేది. చెరువులో పేనుకి కొట్టే మందు మనుషులకా? అదీ జబ్బు లేనివాళ్లకి, ఊరందరికీ? పైగా ఫ్రీ. మనకి ఫ్రీగా వచ్చింది ఏది మంచిది వచ్చింది చెప్పండి.

కాకినాడ_హౌస్‌సర్జన్ | సోమవారం, రాత్రి 10:48

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

గంగన్న గారూ, ఆ మందు పశువులకీ వాడతారు, మనుషులకీ వాడతారు. ఆఫ్రికాలో నదుల పక్క ఊళ్లలో మనుషులకి కళ్లు పోయే ఒక పురుగు జబ్బు ఉంది. దానికోసం 1987 నుంచీ ఊరూరా మింగిస్తున్నారు. ఈ మందుకి మూలమైన సూక్ష్మజీవిని జపాన్‌లో మట్టి నుంచి తీశారు. దానికే 2015లో నోబెల్ వచ్చింది. కరోనాకి పనిచేయలేదన్న మాట నిజమే, పెద్ద ట్రయల్స్‌లో తేలింది. కరోనాకి పనిచేయలేదని పురుగుకి పనిచేయకుండా పోదు.

మూడు మందులు ఎందుకంటే, పాపువా న్యూ గినియాలో ఒక ట్రయల్ చేశారు, 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కొందరికి పాత పద్ధతిలో రెండు మందులు, డీఈసీ, ఆల్బెండజోల్. ఇంకొందరికి వాటితోపాటు ఐవర్‌మెక్టిన్ కూడా. ఒక్కసారి మింగించి ఏడాది తర్వాత రాత్రి రక్తం చూస్తే, రెండు మందులవాళ్లలో 56 మందిలో 18 మందికి పురుగు లేదు. మూడు మందులవాళ్లలో 57 మందికి 55 మంది. మూడేళ్ల తర్వాత కూడా ఆ 55 అలాగే నిలిచింది, మధ్యలో ఇంకో డోసు ఇవ్వకుండానే. ఇలాంటి ఫలితాలు చూశాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొన్నిచోట్లకి మూడు మందుల పద్ధతి సిఫారసు చేసింది.

రేవు గారూ, మీ అమ్మగారి సంగతి. కాలు బాగా వాచి ఏళ్లైనవాళ్లలో చాలామందికి రక్తంలో పురుగు కనపడదు. అయినా పరీక్ష చేయించండి. మాత్రల రౌండు వస్తే వేసుకోవచ్చు, కాకపోతే జ్వరం, బిళ్ళ ఉన్న రోజుల్లో వద్దు. పెద్ద జబ్బులతో మంచాన పడ్డవాళ్లకీ, గర్భిణులకీ ఇవ్వరు. ఖాళీ కడుపున వద్దు. మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం రావొచ్చు, ఒంట్లో పురుగులున్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే అవి చచ్చేది అప్పుడే. ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. మాత్రతో కాలు తగ్గదు.

గట్టుమీద_గంగన్న | సోమవారం, రాత్రి 11:02

57కి 55. సరే, ఆ లెక్క బాగుంది. ఫ్రీ ఎందుకన్నదానికి జవాబు రాలేదు.

న్యూజెర్సీ_గోదారోడు | మంగళవారం, ఉదయం 5:30

గంగన్న గారికి నేను చెబుతాను, నాకిక్కడ ఇంకా నిద్రవేళ కాలేదు.

ఈ జబ్బు వచ్చేది డబ్బులేనివాళ్లకి. వాళ్లకి మందు అమ్మి లాభం తీసేవాడు ఎవడూ లేడు. అందుకే కంపెనీలు దానం బాట పట్టాయి. ఐవర్‌మెక్టిన్ మెర్క్ ఇస్తుంది. ఆల్బెండజోల్ జీఎస్‌కే ఇస్తుంది. డీఈసీ ఎయిసాయ్ అనే జపాన్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉచితంగా ఇస్తుంది. ఆ మాత్రలు ఎక్కడ తయారవుతాయో తెలుసా? మన విశాఖపట్నం ఫ్యాక్టరీలో! పేరు కోసం, పన్ను కోసం చేస్తారంటే నేను కాదనను. మాత్ర మాత్రం అసలుదే.

ఇంకో ముచ్చట. నేను ఆఫీసుకి వెళ్లే దారికి కాస్త పక్కన పెర్ల్ రివర్ అనే ఊరుంది. లెడర్లీ ల్యాబ్ ఉండేది అక్కడే. డీఈసీ పుట్టింది 1947లో ఆ ల్యాబ్‌లో. కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది ఈ జబ్బు తగిలి వెనక్కొచ్చారు. వాళ్లకోసం మొదలైన వెతుకులాట అది. భీమవరం మనిషి ఆధ్వర్యంలో పుట్టిన మందుని భీమవరంలో చెత్తబుట్టలో వేస్తున్నాం.

మైక్రోస్కోప్_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:15

గోదారోడు బాబూ, చిన్న సవరణ. సుబ్బారావు గారు ఒక్కరే కూర్చుని కనిపెట్టింది కాదు. ఆయన పరిశోధన డైరెక్టరుగా ఉన్న ల్యాబ్‌లో ఒక బృందం చేసిన పని. రెండో మాట "ఆధ్వర్యంలో" అని మీరే సరిగ్గా రాశారు, మొదటిదాంట్లో తొందరపడ్డారు. ఆ మనిషి బతికుంటే ఆయనే ముందు ఒప్పుకునేవాడు కాదు, తన పేరు వెనక పెట్టుకునే రకం. మరుసటేడు 1948లోనే పోయారు. ఈ మాత్ర మన కాలవగట్ల దాకా రావడం చూడలేదు.

ఆశా_డైరీ | మంగళవారం, మధ్యాహ్నం 1:50

పేరు, ఊరు చెప్పను, నేను కోనసీమలో ఆశా కార్యకర్తని. ఇక్కడ అందరూ మందు గురించి మాట్లాడుతున్నారు. నా కష్టం మందు కాదండీ, నోరు.

ఇదివరకు రెండు మందుల రౌండ్లు జరిగినప్పుడు నేను చేశాను. ఇంటికి వెళితే "అక్కడ పెట్టమ్మా, భోంచేశాక వేసుకుంటాం" అంటారు. ఎదురుగా మింగించాలని మాకు ఆర్డరు. నాకు 200 గడపలు, మూడు రోజులు. ఒక్కో గడపలో నిలబడి నలుగురు మింగేదాకా చూడాలంటే ఎలా కుదురుతుంది? పొద్దున్నే వెళితే పరగడుపు, వద్దంటారు. పదింటికి వెళితే అందరూ పొలంలోనో, చెరువు మీదో. రాత్రి వెళితే మగవాళ్లు "ఇవాళ కాదులే" అంటారు, ఎందుకో మీకు తెలుసు. రిజిస్టరులో టిక్కు పడిపోతుంది. మాత్ర కిటికీలో ఉండిపోతుంది.

ఒకసారి ఒకాయన మాత్ర నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి, నాతో రెండు నిమిషాలు మాట్లాడి పంపించాడు. నేను వీధి మలుపు తిరిగి గొడుగు మర్చిపోయానని వెనక్కొచ్చేసరికి అరుగు కింద ఉమ్మేస్తున్నాడు. ఆయన డిగ్రీ చదివాడండీ.

కోటిపల్లి_రేవు | మంగళవారం, సాయంత్రం 4:33

ఆశా గారూ, మీ పోస్టు చదివాక ఒకటి రాయాలనిపించింది. 2019లో మా పెంకుటిల్లు పడగొట్టించాం. వంటింటి వైపు చూరు దింపుతుంటే దూలానికీ పెంకులకీ మధ్య కాగితం పొట్లాలు కనపడ్డాయి. ఒక్కో పొట్లంలో తెల్ల మాత్రలు, కొన్ని పొడైపోయాయి, కొన్నిటికి పసుపు రంగొచ్చింది. పనివాళ్లు ఎలకల మందు అనుకుని దూరం జరిగారు. అవి ఏటా ఇచ్చిన డీఈసీ మాత్రలు. నాన్న తనవి, అమ్మవి, మావీ అన్నీ అక్కడ దోపేవాడు. "ఊరందరికీ ఒకే మందేంట్రా, పశువులకి వేసినట్టు" అనేవాడు. నాన్నని అడుగుదామంటే అప్పటికే లేడు.

అమ్మ కాలు అంతకుముందే వచ్చింది కాబట్టి మాత్ర వేసుకుంటే రాకుండా ఉండేదని చెప్పలేను. మా ఇంట్లో దోమలు కుట్టి ఇంకెవరింటికి మోసుకెళ్లాయో మాత్రం అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను.

పాలకొల్లు_కోడలు | మంగళవారం, సాయంత్రం 5:20

మీ నాన్నగారొక్కరే కాదు బాబూ. మా మావగారు కొబ్బరిచెట్టు మొదట్లో పాతేవారు. చెట్టుకి బలమట!

గట్టుమీద_గంగన్న | మంగళవారం, సాయంత్రం 5:58

నేనూ వేసుకోలేదు. నిజం చెప్పాలిగా. కానీ మాస్టారు గారూ, నా అసలు కోపం వేరే. డ్రైను పూడిక ఎన్నేళ్లకోసారి తీస్తున్నారు? గుర్రపుడెక్క పేరుకుని నీరు కదలదు. ఊళ్లో సైడు కాలవ నల్లగా నిలబడి ఉంటుంది. మరుగుదొడ్ల గొట్టాల్లోంచి సాయంత్రం అయ్యేసరికి దోమలు పొగలా లేస్తాయి. అది వదిలేసి నన్ను మాత్ర మింగమంటే మండదా?

మైక్రోస్కోప్_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:40

ఈ మాటలో గంగన్న గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సర్వీసులో ఉండగా పైకి అనలేకపోయాను, ఇప్పుడు అంటాను.

క్యూలెక్స్ మురికినీటి దోమ. మంచినీళ్ల డ్రమ్ములో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, ఇది సెప్టిక్ ట్యాంకులో, సైడు కాలవలో పెడుతుంది. 1981 నుంచి 85 వరకు పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ వాళ్లు ఊరంతా కాలవలు, గుంటలు సరిచేసి దోమని అదుపు చేసి చూపించారు. జాంజిబార్‌లో మకుండుచి అనే ఊళ్లో ఇంకో చిత్రం చేశారు. మరుగుదొడ్ల గుంటల్లో థర్మాకోల్ పూసలు పోశారు. నీటిమీద తెట్టులా కప్పేస్తాయి, దోమపిల్లకి గాలి అందదు. అదే సమయంలో జనానికి డీఈసీ ఇచ్చారు. రెండూ కలిపితే జబ్బు పడిపోయింది. మీరు గొట్టానికి దోమతెర గుడ్డ కట్టినా కొంత పని జరుగుతుంది, రెండు రూపాయల రబ్బరు బ్యాండుతో.

అయితే ఈ జబ్బులో మనకి కలిసొచ్చేది ఒకటుంది. మలేరియాకి ఒక్క దోమకాటు చాలు. బోదకాలు రావాలంటే నెలల తరబడి వందలు, వేల కాట్లు పడాలి. పురుగు మనిషిలో తప్ప ఇంకే జంతువులోనూ బతకదు. నాలుగైదేళ్లు వరసగా ఊళ్లో నూటికి 65 మంది నిజంగా మింగితే, పెద్ద పురుగు ముసలిదై చచ్చేలోపు పిల్లలు దోమకి దొరకవు. గొలుసు తెగిపోతుంది. మూడు మందులతో ఆ ఏళ్లు ఇంకా తగ్గుతాయి. డ్రైను తవ్వేదాకా నేను మింగనంటే మాత్రం రెండూ జరగవు గంగన్న గారూ.

న్యూజెర్సీ_గోదారోడు | బుధవారం, ఉదయం 6:05

చైనావాళ్లు ఉప్పులో డీఈసీ కలిపి జనం చేత తినిపించి 2007లో జబ్బే లేకుండా చేసుకున్నారు. ఆశా గారి గడపల గొడవే ఉండేది కాదు.

గట్టుమీద_గంగన్న | బుధవారం, ఉదయం 6:50

బాబోయ్. అయొడిన్ ఉప్పుకే మా ఊళ్లో పదేళ్లు గొడవ జరిగింది. ఆ ఐడియా అక్కడే ఉంచండి.

కోటిపల్లి_రేవు | బుధవారం, ఉదయం 9:15

నిన్న రాత్రి 11:20కి వచ్చారు. ఇద్దరు, తలకి లైట్లు కట్టుకుని. కుక్కలు ఒకటే అరుపు. అరుగు మీద చాపేసి కూర్చున్నారు. మాస్టారు చెప్పినట్టే గాజుపలక, చిన్న గొట్టం. నేను మొదట ఇచ్చాను, తర్వాత అమ్మ. అమ్మ వేలికి ఏళ్లనాటి కాయ, సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. అమ్మ వాళ్లకి టీ పెట్టింది. పన్నెండింటికి టీ తాగుతూ ఆ కుర్రాడు చెప్పాడు, ఇంకా పదిహేడు ఇళ్లు ఉన్నాయని.

అమ్మ అడిగింది: "బాబూ, రెండో కాలికి రాకుండా ఏం చెయ్యాలి?" ఆ కుర్రాడు కాలు వైపు చూసి, "మీ పేరు లిస్టులో ఉందా అమ్మా?" అన్నాడు. ఏ లిస్టో అమ్మకి తెలీదు, నాకూ తెలీదు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్న కాలు అది.

కాకినాడ_హౌస్‌సర్జన్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

రేవు గారూ, ఆ లిస్టు చాలా ముఖ్యం. ఊరివారీగా బోదకాలు, వరిబీజం (మగవాళ్లకి వృషణాల దగ్గర నీరు చేరి వాచడం) ఉన్నవాళ్ల పేర్లు రాసే జాబితా అది. ఎందుకో చెబుతాను, ఇందులోనే పాలసీ అంతా ఉంది.

మన దేశం 2027 నాటికి బోదకాలుని నిర్మూలిస్తామంది. ప్రపంచం పెట్టుకున్న గడువు 2030, మనం మూడేళ్లు ముందుకి జరుపుకున్నాం. శ్రీలంక 2016లో, థాయ్‌లాండ్ 2017లో, బంగ్లాదేశ్ 2023లో, బ్రెజిల్ 2024లో సర్టిఫికెట్ తెచ్చుకున్నాయి. ఆ సర్టిఫికెట్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు అడుగుతుంది. ఒకటి, వ్యాప్తి ఆగిందా? అది పిల్లల పరీక్షల్లో తేలుతుంది. రెండోది, ఇప్పటికే కాళ్లు వాచినవాళ్లు ఎంతమంది, ఎక్కడున్నారు, వాళ్లకి ఏ ఆసుపత్రిలో ఏ సేవ అందుతోంది? ఈ రెండో దాని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. మాత్రల రౌండుకి ఫ్లెక్సీలు కడతారు, కాలు కడగడానికి ఎవరూ కట్టరు. లిస్టులో మీ అమ్మగారి పేరు లేకపోతే దేశం లెక్కలో ఆ కాలు లేనట్టే. ఆవిడకి రావలసిన, కాలు కడుక్కునే కిట్టు కూడా రానట్టే.

ప్రపంచంలో కాళ్లు వాచినవాళ్లు దాదాపు కోటిన్నర, వరిబీజం ఉన్న మగవాళ్లు రెండున్నర కోట్లు అని అంచనా. మాత్రలు ఎంత బాగా పనిచేసినా వీళ్లు రేపటికి మాయం కారు. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభలో చర్మవ్యాధుల్ని ప్రపంచ ప్రాధాన్యంగా గుర్తిస్తూ తీర్మానం చేశారు. అదే సమావేశాల్లో మహమ్మారి ఒప్పందం కూడా వచ్చింది కాబట్టి పేపర్లన్నీ దాని గురించే రాశాయి. మాలాంటి ఓపీల్లో కూర్చునేవాళ్లకి మొదటిదే పెద్ద వార్త.

న్యూజెర్సీ_గోదారోడు | బుధవారం, రాత్రి 7:40

డాక్టరు గారు అన్నదానికి కొనసాగింపు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి కూడా బయటికొస్తానంది. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఈ మాత్రల రౌండ్లకి డబ్బు అమెరికా నుంచే వెళ్లేది. మాత్రలు దానంగా వస్తాయి, పంచేవాళ్ల జీతం, జీపు డీజిలు దానంగా రావు కదా. గోదాముల్లో మాత్రలు ఉండి కూడా పంచలేని పరిస్థితి. మనకి ఆ దెబ్బ తగల్లేదు, మన రౌండ్లు మన ఖజానాతోనే నడుస్తాయి. ఇక్కడ పన్ను కట్టేవాణ్ణి కాబట్టి నాకు కాస్త సిగ్గుగానే ఉంది.

పాత_నర్సాపురం | బుధవారం, రాత్రి 9:30

అందరూ కాళ్ల గురించే మాట్లాడుతున్నారు. డాక్టరు బాబు వరిబీజం అన్న మాట ఒకసారి అని వదిలేశాడు. నా వయసుకి ఇక సిగ్గేముంది, రాస్తాను.

పద్దెనిమిదేళ్లు మోశాను. పంచె కడితే తెలియదు కాబట్టి ప్యాంటు మానేశాను. పిల్లల పెళ్లిళ్లలో కూడా పంచే. అందరూ "మావయ్య పద్ధతైన మనిషి" అనేవారు. సైకిలు ఎక్కలేను, ఎందుకు ఎక్కవంటే మోకాళ్ల నొప్పి అనేవాణ్ణి. చివరికి మూడేళ్ల కిందట మా అల్లుడు బలవంతంగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే ఆపరేషన్ చేశారు. గంట కూడా పట్టలేదు. పైసా కట్టలేదు. గంట పనికి పద్దెనిమిదేళ్లు దాచుకున్నాను. ఇది చదివేవాళ్లలో పంచె కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లండి బాబూ.

కాకినాడ_హౌస్‌సర్జన్ | బుధవారం, రాత్రి 9:44

తాతగారూ, మీ పోస్టు ప్రింటు తీసి మా సర్జరీ ఓపీ గోడకి అంటించాలని ఉంది.

పాత_నర్సాపురం | బుధవారం, రాత్రి 9:46

పేరు రాయకపోతే అంటించుకో.

పాలకొల్లు_కోడలు | గురువారం, ఉదయం 11:00

రేవు బాబూ, రెండో కాలి గురించి మీ అమ్మగారు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను. మా అత్తగారి కాలు తొమ్మిదేళ్లుగా నేనే చూసుకుంటున్నాను.

జ్వరం తెచ్చేది పురుగు కాదు. వాచిన కాలి ముడతల్లో, వేళ్ల సందుల్లో చర్మం ఒరిసి, అక్కడి నుంచి సూక్ష్మజీవులు లోపలికి పోయి జ్వరం తెస్తాయి. ఒక్కో జ్వరానికి కాలు ఇంకాస్త గట్టిపడుతుంది. కాబట్టి పనంతా ఆ సందుల్లోనే.

రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకి చేస్తాను. బావి గట్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ. మామూలు చల్లనీళ్లు, మామూలు సబ్బు. వేడినీళ్లు వద్దు, డెట్టాలు బకెట్ నిండా పోయడం వద్దు, చర్మం మండుతుంది. బ్రష్షు వద్దు, చేత్తోనే. పైనుంచి కిందికి, ప్రతి ముడతా విప్పి. నీళ్లు తేటగా వచ్చేదాకా. తుడవడం ఇంకా ముఖ్యం: రుద్దకూడదు, మెత్తటి పాత నేత చీర ముక్కతో అద్దాలి. వేళ్ల సందుల్లోకి గుడ్డని ఒత్తిలా చేసి పోనిస్తాను. సందులో తెల్లగా పాచి కనపడితే డాక్టరు రాసిచ్చిన ఫంగస్ క్రీము. పడుకునేటప్పుడు కాళ్లవైపు మంచం కోళ్ల కింద రెండు ఇటుకలు. కూర్చుని ఉన్నప్పుడు పాదం పైకీ కిందికీ ఆడించడం, కుట్టుమిషను తొక్కినట్టు. మా అత్తగారికి నిజంగానే మిషను తొక్కడం అలవాటు కాబట్టి ఆ మాట చెబితే వెంటనే పట్టుకుంది.

మొదటేడు నాలుగుసార్లు జ్వరం. రెండో ఏడు ఒకసారి. పోయినేడు నాట్ల సమయంలో నేను పుట్టింటికి వెళ్లి పది రోజులు ఉంటే మళ్లీ వచ్చింది. వచ్చాక ఆవిడ అన్నమాట, "నువ్వు లేవు, కాలు అలిగింది."

చెప్పులు పెద్ద సమస్య. షాపుల్లో ఆ సైజు దొరకదు, అందుకే ఉత్తకాళ్లతో తిరుగుతారు, ముల్లు గుచ్చుకుంటుంది. న్యూస్‌పేపరు మీద పాదం పెట్టించి పెన్సిలుతో గీసి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర వెల్క్రో పట్టీలతో కుట్టించాను.

ఇక పెన్షను సంగతి అడక్కండి. రెండు కాళ్లకీ నాలుగో గ్రేడు ఉంటేనే ఇస్తారట. మా అత్తగారికి ఒక్కటే. "రెండోదానికి కూడా వచ్చేదాకా ఆగమంటారా?" అని ఆవిడ ఆఫీసులో అడిగితే అక్కడి అబ్బాయి తల దించుకున్నాడు. అతని తప్పేముంది.

మైక్రోస్కోప్_మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 12:20

అమ్మాయీ, ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను లెక్కలేనన్ని స్లైడ్లు చూశాను. ఒక్క కాలు కడగలేదు. మా శాఖ మొత్తం అలాగే పనిచేసింది.

గట్టుమీద_గంగన్న | గురువారం, రాత్రి 8:15

మా ఇంట్లో మాట్లాడాను. రౌండు వస్తే వేసుకుంటాం. అన్నం తిన్నాకే, ఆశా గారి ఎదురుగానే. గొట్టానికి తెర గుడ్డ కూడా కట్టాను. డ్రైను మీద నా అర్జీ మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని వదలను.

అన్నట్టు, మాస్టారూ, ఐవర్‌మెక్టిన్ వేసుకున్న మనిషిని కుట్టిన దోమ చస్తుందని మా అబ్బాయి ఎక్కడో చదివాడట. నిజమా, వాట్సాప్ నిజమా?

కాకినాడ_హౌస్‌సర్జన్ | గురువారం, రాత్రి 10:10

ఇది నిజం నిజమే. కెన్యాలో క్వాలే కౌంటీలో ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ ఇచ్చి చూస్తే, పిల్లల్లో కొత్త మలేరియా 26 శాతం తగ్గిందని 2025లో వచ్చింది. అది మలేరియా దోమ సంగతి. మీ డ్రైను దోమకి కూడా ఇదే జరుగుతుందని నేను చెప్పను, దోమతెర తీసేయకండి.

కోటిపల్లి_రేవు | శనివారం, సాయంత్రం 5:45

పాలకొల్లు గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "ఎవరో మన బావి దగ్గర నిలబడి చూసినట్టు రాసిందిరా" అంది. మూడు రోజుల నుంచి నేనే కడుగుతున్నాను. మొదటి రోజు అమ్మ పాదం వెనక్కి లాక్కుంది, కొడుకు చేత కాళ్లు పట్టించుకోవడమేంటని. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య మీరన్నట్టే తెల్లటి పాచి, లోపల చీలిక. ఇన్నాళ్లూ ఎవరూ ఆ వేళ్లు విడదీసి చూడలేదు. క్రీము తెచ్చాను.

పీహెచ్‌సీకి వెళ్లి లిస్టులో పేరు రాయించాను. మా వీధిలోనే ఇంకో నలుగురివి లేవట, వాళ్లవి కూడా. టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు ఉండే కిట్టు ఇస్తారట, ఇంకా రాలేదు. స్లైడు ఫలితం కూడా రాలేదు. సోమవారం నేను హైదరాబాదు వెళ్లిపోవాలి. మా పక్కింటి పిల్ల నేర్చుకుంటానంది, రేపు దాన్ని కూర్చోబెట్టి చూపిస్తాను.

ఆశా_డైరీ | శనివారం, రాత్రి 9:20

ఏ పీహెచ్‌సీయో నాకు మెసేజ్ పెట్టండి బాబూ, అక్కడ పనిచేసే ఆశా నాకు తెలిసే ఉంటుంది. కిట్లు వచ్చినప్పుడు ముందు వచ్చినవాళ్లకే అయిపోతాయి, ఒకటి పక్కన పెట్టించమని చెబుతాను. వెళ్లేలోపు అమ్మగారి పాదం పేపరు మీద గీసి ఇచ్చి వెళ్లండి, రెండు కాళ్లవీ వేరువేరుగా. మధ్యాహ్నం ఎండలో గీయకండి, సాయంత్రం గీయండి, అప్పటికి కాలు ఉబ్బుతుంది. ఆ సైజుకే కుట్టించాలి.